లక్కగాజుల కొలతలు – కంప్యూటరు నమూనాల ఫైళ్లు

చార్మినార్ నుండి పడమటి దిశగా సాగు లాడ్ బజారులో గాజుల దుకాణము ముందు కొంతసేపు నిలిచినచో 'దో చార్', 'దో ఛే', 'దో ఆఠ్' అను మాటలు వినవచ్చును. తెలుగువారు రెండు-నాలుగు, రెండు-ఆరు, రెండు-ఎనిమిది అందురు. మొదటి అంకె అంగుళములు, రెండవది అంగుళములో పదునారవ భాగములు. రూపాయికి పదునారణాల లెక్క తెలిసిన పెద్దలకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. కావున 2-4 గాజు లోపలి వ్యాసము 57.15 మిల్లీమీటర్లు, 2-8 గాజుది 63.5 మిల్లీమీటర్లు. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ లక్కగాజులను కారీగర్లు నేటికిని నిప్పుసెగ వద్ద చేతితోనే మలచుచున్నారు. అయినను కంప్యూటరుపై యంత్రభాగములు గీయ నేర్చు విద్యార్థులకు ఇంతకంటె చక్కని ఉదాహరణము నాకు కానరాలేదు.

చార్మినార్ నమూనా గీయువారు ఒక్క మినారును గీసి నాలుగు మూలల నిలిపిన చాలును. గాజుల సంగతి అట్టిది కాదు. ఆకృతి ఒకటే, కొలతలు వేరు. ఇట్టి వానికై ఒక మూల నమూనాను గీసి, దానికి ఒక పట్టికను జతపరుతురు. పట్టికలో ఒక్కొక్క వరుస ఒక్కొక్క గాజు. వ్యాసము మార్చినంత మాత్రమున పని ముగియదు. గాజు మందము 3 మిల్లీమీటర్లు, రాయికి రాయికి నడుమ దూరము 5 మిల్లీమీటర్లు అనుకొందము. వెలుపలి చుట్టుకొలతపై 2-4 గాజునకు 39 రాళ్లు పట్టగా, 2-8 గాజునకు 43 పట్టును. ఈ లెక్కను సూత్రముగా మూల నమూనాలోనే వ్రాయవలెను గాని, ప్రతి వరుసలో చేతితో అంకె వేయరాదు. రంగులకు కూడ వరుసలు పెంచుట నాకు సమ్మతము కాదు. ఐదు కొలతలు, పది రంగులు కలసి యాబది వరుసలైనచో పట్టికను చదువువారెవరు?

ఇక ఫైళ్ల విషయము. 1988లో వెలువడిన ప్రో-ఇంజనీర్ ఇట్టి పట్టికల పద్ధతికి పేరెన్నికగన్నది. సాలిడ్‌వర్క్స్‌లో కొలతలన్నియు ఒకే ఫైలులో నిలుచును. ఇన్వెంటర్‌లో మూల ఫైలు వేరు. దాని నుండి పుట్టిన ప్రతి కొలతకును సొంత ఫైలు కలదు. ఒకే ఫైలైనచో వెంట తీసికొనిపోవుట సులభము. కాని ఫైలు బరువెక్కును, ఇద్దరు ఏకకాలమున దానిని దిద్దజాలరు. వేర్వేరు ఫైళ్లైనచో మూలమును సవరించిన పిదప పిల్ల ఫైళ్లను తిరిగి పుట్టించు వరకు అవి పాత కొలతలతోనే యుండును. కూర్పు ఫైలును మాత్రమే పెన్‌డ్రైవులో ఇంటికి కొనిపోయిన విద్యార్థికి అచట భాగములు కానరావు.

వరుసకు పెట్టిన పేరు అన్నిటికంటె ముఖ్యము. కూర్పు ఫైలు భాగమును ఆ పేరుతోనే గుర్తించును. '2-4' అను పేరును ఎవరైనను 'చిన్నది' అని మార్చినచో, పాత పేరు దొరకలేదని సాలిడ్‌వర్క్స్ హెచ్చరించి, చివరిసారి వాడుకలోనున్న వరుసను దాని స్థానమున నిలుపును. తొందరలో హెచ్చరికను మూసివేసినవారికి తెరపై అంతయు సవ్యముగనే తోచును.

నా అనుభవమొకటి చెప్పెదను. కొన్ని సంవత్సరముల క్రిందట నా పర్యవేక్షణలో విద్యార్థులు ఒక సాధనమును రూపొందించిరి. అందు మూడు కొలతల బుష్‌లు, కొలతకు నాలుగు చొప్పున పన్నెండు కావలెను. మూడును ఒకే ఫైలులోని వరుసలు. భాగముల జాబితాలో వరుస పేరునకు బదులు ఫైలు పేరు పడునట్లు అమరిక యుండుటను నేను గమనింపలేదు. జాబితా అంతటను ఒకే పేరు! పనివారు పన్నెండింటిని ఒకే కొలతలో లేతుపై చేసి పంపిరి. ఎనిమిది తుక్కు క్రింద పోయినవి. వారి తప్పు లేదు. జాబితాపై సంతకము నాది.

కళాశాల కమిటీ వారికి ఒక విన్నపము. మన కంప్యూటరు ప్రయోగశాలలో మూల నమూనాలకు ఒక ఉమ్మడి ఫోల్డరు నేర్పరచి, విద్యార్థులకు చదువు అనుమతిని మాత్రమే ఇచ్చి, మార్చు అధికారమును ఒక్క అధ్యాపకునికే ఉంచవలెను. ఒకసారి విడుదలైన వరుస పేరును మార్చక, కొలత మారినప్పుడు క్రొత్త వరుసను చేర్చవలెను. ప్రాజెక్టు సమర్పించుటకు ముందు విద్యార్థి పట్టికలోని ప్రతి వరుసను ఒక్కొక్కటిగా తెరపైకి తెచ్చి, వ్యాసమును కొలిచి, జాబితాలోని పేరుతో సరిచూచుకొనవలెను. ఐదు గాజులకు పది నిమిషములు పట్టును.