నాలుగు తెరలు, రెండు కళ్లు

షేర్ల ట్రేడింగ్ కోసం నాలుగు తెరల కంప్యూటరు కొందామనుకుంటున్నావట కదా తల్లీ! కొనబోయే ముందు ఖర్చు లేని పరీక్ష ఒకటి చేద్దాం. చెయ్యి బారుగా చాచి బొటనవేలి గోరు చూడు. అదే చూపు నిలిపి, పక్కనున్న క్యాలెండర్లో తేదీలు చదవబోయి చూడు. చదవలేవు. రెటీనా నడుమ ఫోవియా అనే బుల్లి గుంట ఉంది. సన్నటి వివరాన్ని పట్టే కణాలు అక్కడే కిక్కిరిసి ఉంటాయి. అందుకే ఆ గోరంత మేర, సుమారు 2 డిగ్రీలు మాత్రమే మనకు స్పష్టంగా కనబడుతుంది. చుట్టుపక్కల ఏదైనా కదిలితే మాత్రం ఇట్టే పసిగడతాం. ఎన్ని తెరలు పెట్టుకున్నా ఒక్కసారికి చదివేది ఒక్కచోటే. పక్క తెరలో ఎరుపో ఆకుపచ్చో మెరిసినప్పుడల్లా చూపు అటే పోతుంది. కాబట్టి రెండు తెరలతో మొదలుపెట్టు. ఎదురుగా చార్టు, పక్కన ఆర్డర్లూ పొజిషన్లూ. మరీ కావాలంటే మూడోది తర్వాత చూసుకోవచ్చు.

ఇక సీపీయూ సంగతి. ఫుల్ హెచ్‌డీ తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. మొత్తం 20 లక్షల పైమాటే. వాటిని సెకనుకు 60 సార్లు కొత్తగా పంపాలి. నాలుగు తెరలకైతే సెకనుకు దాదాపు 50 కోట్ల చుక్కలు! అయినా ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్‌కి ఇప్పుడు ఇదేమంత బరువు కాదు. వీడియో గేముల్లోలా వెలుగునీడలు లెక్కగట్టే పని చార్టులో ఉండదు. గీతలు, క్యాండిల్స్, అంకెలు, అంతే. గేమింగ్ కార్డుకు వేలకు వేలు పొయ్యకు. వెనకవైపు హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్టులు ఎన్నున్నాయో, అన్నీ ఒకేసారి పనిచేస్తాయో లేదో అడుగు. పోర్టు తక్కువైందని మామూలు స్ప్లిటర్ తెచ్చావా, రెండు తెరల మీదా ఒకే బొమ్మ వస్తుంది. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ‘ఎఫ్’ ఉంటే దానికి సొంత గ్రాఫిక్స్ ఉండదు. చవగ్గా వస్తోందని తీసుకుంటే కార్డు విడిగా కొనాల్సిందే.

ర్యామ్ వంటగట్టు లాంటిది. గిన్నెలన్నీ చేతికందేలా పరుచుకోవాలంటే వెడల్పు ఉండాలి. బ్రౌజర్లో ట్యాబులు వరసపెట్టి తెరుస్తావు కనుక 16 జీబీ తీసుకో, పెంచుకోవడానికి స్లాట్ ఖాళీగా ఉంచుకో. డిస్కు ఎస్ఎస్‌డీయే ఉండాలి.

ఆర్డరు ఎక్స్ఛేంజికి చేరే వేగం గురించి బెంగపడకు. ఫైబర్‌లో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. వెయ్యి కిలోమీటర్లకు 5 మిల్లీసెకన్లు చాలు. కంటితో చూసి వేలితో నొక్కడానికి మనకు 200 మిల్లీసెకన్లయినా పడుతుంది. ఎక్స్ఛేంజి ఆవరణలోనే మిషన్లు పెట్టుకున్న సంస్థలతో వేగంలో మనం పోటీ పడలేం, పడనక్కర్లేదు కూడా.

మిగిలిన డబ్బుతో మంచి యూపీఎస్ కొను. రౌటర్‌నీ దానికే తగిలించు. మార్కెట్ 9.15 నుంచి 3.30 దాకా నడుస్తుంది, కరెంటు ఆ వేళలు చూసి పోదు కదా. ఫోన్లో బ్రోకర్ యాప్ కూడా సిద్ధంగా ఉంచుకో.

ఇంకొక్క మాట. 2021-22 నుంచి మూడేళ్ల లెక్కలు తీసి మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024లో చెప్పిందేమిటంటే, ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారట. ఎంత మంచి కంప్యూటరైనా ఆ గండం తప్పించలేదు. అందుకని ఎంత నష్టం దగ్గర బయటికి రావాలో షేరు కొనకముందే తేల్చుకో. కొన్న వెంటనే స్టాప్‌లాస్ పెట్టెయ్. ఆ ఆర్డరు నీ కంప్యూటర్లో కాదు, ఎక్స్ఛేంజిలో ఉంటుంది. ఇంట్లో తెరలన్నీ ఆరిపోయినా దాని పని అది చేస్తుంది.