పిల్లల చేతికి పొగాకు చేరకుండా ఆపే ఖర్చు ఎవరిది?

అస్ర్ నమాజు ముగించుకుని వస్తుండగా మండీ బజార్ దగ్గర ఒక గల్లీలో మేము చూసిన సంగతి ఇది. బడి సంచి ఇంకా భుజానే ఉన్న పదకొండేళ్ల కుర్రవాడు పాన్ డబ్బా ముందు నిలబడి నోటు చాచాడు. "చాచా, అబ్బా మంగాయే" అన్నాడు. దుకాణదారు మారుమాట లేకుండా బీడీ కట్ట తీసి వాడి చేతిలో పెట్టాడు.

మేము ఆగి అడిగాము. "మౌల్వీ సాబ్, తండ్రి పంపితే నేనెట్లా కాదంటాను? నేను ఇవ్వకుంటే పక్క డబ్బాలో తీసుకుంటాడు. పోయేది నా బేరమే" అన్నాడాయన. ఆ జవాబుకు మాకు కోపం రాలేదు. తండ్రి అలవాటు, బిడ్డ నడిచే దారి, దుకాణదారు కడుపు, మూడూ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి.

చట్టం లేక కాదు. 2003లో వచ్చిన పొగాకు నియంత్రణ చట్టం 18 ఏళ్లు నిండని వారికి పొగాకు అమ్మరాదని చెప్పింది. విద్యాసంస్థకు 100 గజాల లోపల అసలు ఎవరికీ అమ్మరాదంది. దీన్ని మీరితే జరిమానా 200 రూపాయల దాకా మాత్రమే. అయితే 2015 నాటి బాలల న్యాయ చట్టం ఇంకా కఠినమైనది. దాని 77వ సెక్షన్ ప్రకారం పిల్లలకు పొగాకు ఇచ్చినవారికి ఏడేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. "తండ్రి పంపాడు" అన్న మాట దుకాణదారును కాపాడదు. కొడుకును పంపే తండ్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మనం బిడ్డను ఒక్కణ్ణే కాదు, మన గల్లీ దుకాణదారును కూడా ఇరకాటంలో పెడుతున్నాము.

ఇంత చిన్న వయసులో ఏమవుతుందిలే అనుకునే వారున్నారు. 2019లో దేశమంతటా బడి పిల్లలపై జరిగిన సర్వేలో 13 నుంచి 15 ఏళ్ల వారిలో 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్లు తేలింది. సిగరెట్ తాగిన పిల్లల్లో 38 శాతం, బీడీ తాగిన వారిలో 47 శాతం, నమిలే పొగాకు వాడిన వారిలో 52 శాతం మంది పదేళ్లు నిండకముందే దాన్ని రుచి చూశారు. అంటే మనం నాజిరా ఖురాన్ చదివిస్తున్న వయసులోనే! పెట్టె మీద 85 శాతం మేర భయంకరమైన బొమ్మ వేయాలన్న నిబంధన 2016 నుంచి అమలులో ఉంది. కానీ విడిగా ఒక్క సిగరెట్ కొనుక్కునే పిల్లవాడి చేతికి ఆ బొమ్మ చేరదు.

మరి మొహల్లా ఏం చేయగలదు? దానికి ఖర్చెంత? లెక్క వేసి చూస్తే భయపడేంత లేదు. ప్రతి దుకాణానికి "18 ఏళ్ల లోపు వారికి పొగాకు అమ్మబడదు" అని తెలుగులో, ఉర్దూలో ఒక బోర్డు. బడి, మద్రసా చుట్టూ 100 గజాలు కొలిచి గీత గీయడానికి పసుపు రంగు డబ్బాలు. నెలకొకసారి దుకాణాలు తిరిగి చూసే నలుగురు పెద్దమనుషులకు చాయ్ ఖర్చు. వీటన్నిటి కంటే పెద్దది ఇంకొకటుంది. పొగాకు అమ్మకం మానేస్తానన్న చిన్న దుకాణదారుకు నోటు పుస్తకాలు, పెన్నులు, బిస్కెట్లు తెచ్చుకునేందుకు పెట్టుబడి కావాలి. అది లేకుండా బోర్డు మాత్రం తగిలిస్తే, ఆ బోర్డు వెనకే బీడీలు అమ్ముతారు.

ఈ సొమ్ము ఎక్కడిది అన్న ప్రశ్న వచ్చినప్పుడు చాలామంది జకాత్ వైపు చూస్తారు. సూరె తౌబాలో జకాత్‌కు ఎనిమిది పద్దులు చెప్పబడ్డాయి. ఆ సొమ్ము హక్కుదారు చేతికి, అతని సొంతంలోకి చేరాలన్నది హనఫీ ఫిఖ్‌హ్ మాట. కనుక బోర్డులకు, రంగుకు జకాత్ పనికిరాదు. వాటికి సదఖా, చందా ఉన్నాయి. అయితే డబ్బా నడిపే మనిషి స్వయంగా జకాత్‌కు అర్హుడైతే, పేద వితంతువైతే, కొత్త సరుకు కొనుక్కునేందుకు జకాత్ ఇవ్వవచ్చు. ఇచ్చిన తర్వాత అది ఆమె సొంతం. షరతుతో కట్టివేయకూడదు, ప్రేమతో నచ్చజెప్పాలి. అర్హత లేని దుకాణదారుకు వడ్డీ లేని ఖర్జె హసనా ఇచ్చి నెలనెలా తిరిగి తీసుకోవచ్చు. ఆ సొమ్ము మళ్లీ ఇంకొకరికి పనికొస్తుంది.

ఈ విషయం మాట్లాడేందుకు కూర్చున్న చోట పొగాకు టోకు వ్యాపారి ఒకరు లేచి, "మొత్తం ఖర్చు నేనే పెడతాను, బోర్డు కింద నా దుకాణం పేరు వేయండి" అన్నారు. కొందరు సంతోషపడ్డారు. మేము వద్దన్నాము. వారి మనసును శంకించి కాదు. ఎవరి అమ్మకం తగ్గించాలని కూర్చున్నామో వారి సొమ్ముతోనే ఆ పని మొదలుపెడితే, రేపు వారి దుకాణం ముందు నిలబడి "ఇది తప్పు" అనడానికి మనకు నోరు రాదు. 2017లో ఫిలిప్ మోరిస్ సిగరెట్ కంపెనీ, పొగ లేని ప్రపంచం పేరుతో పెట్టిన ఒక ఫౌండేషన్‌కు 12 ఏళ్లలో దాదాపు వంద కోట్ల డాలర్లు ఇస్తామంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దానితో చేయి కలపబోమని వెంటనే ప్రకటించింది. అంత పెద్ద సంస్థే కాదనగలిగింది. బోర్డుల ఖర్చు కోసం మనం తల వంచాలా?

సొమ్ము రావడం ఒక ఎత్తు, దాన్ని నిలుపుకోవడం ఇంకొక ఎత్తు. 1998లో అమెరికాలో 46 రాష్ట్రాలు సిగరెట్ కంపెనీలతో ఒప్పందం చేసుకున్నాయి. తొలి 25 ఏళ్లలో 20,600 కోట్ల డాలర్లు రావాలన్నది లెక్క. కానీ వచ్చిన దానిలో ఎక్కువ భాగం ఇతర ఖర్చులకే పోయింది, పిల్లలను కాపాడే పనికి దక్కింది కొద్దిపాటి. చందా అమానత్. రాకపోకల లెక్క ప్రతి నెలా మస్జిద్ నోటీసు బోర్డు మీద ఉండాలి.

ప్రభుత్వాన్ని కూడా అడగాలి. జాతీయ పొగాకు నియంత్రణ కార్యక్రమం 2007-08లో మొదలైంది. బడుల్లో ప్రచారం, చట్టం అమలు దానిలోని భాగాలే. మండీ బజార్, ఖిలా వరంగల్ వారు వరంగల్ జిల్లా అధికారులకు, కాజీపేట వారు హన్మకొండ జిల్లా అధికారులకు అర్జీ పెట్టుకోవచ్చు. మానాలనుకునే తండ్రులకు 1800-11-2356 నంబరులో ఉచితంగా సలహా దొరుకుతుంది.

చివరగా ఒక మనవి. ఈ పనులన్నిటిలో పైసా ఖర్చు లేనిది ఒకటుంది. మీ బీడీ మీరే వెళ్లి తెచ్చుకోండి. బిడ్డ చేతికి నోటు ఇచ్చి పంపకండి. ఆ గల్లీ దుకాణదారు మాతో చివర అన్న మాట ఇదే: "తండ్రులు పంపడం మానితే, నాకు కాదనే ధైర్యం వస్తుంది మౌల్వీ సాబ్."