ఒక్క కేబుల్‌తో అన్నీ... మీ ల్యాప్‌టాప్ ఒప్పుకుంటుందా?

కోడింగ్ టెస్టులు, ఆన్‌లైన్ ఇంటర్వ్యూలు, ప్రాజెక్టు పని... ఉద్యోగ వేటలో ఉన్నవారికి రోజంతా ల్యాప్‌టాప్ ముందే గడుస్తుంది. 15 అంగుళాల తెర మీద ఒకపక్క వీడియో పాఠం, ఇంకోపక్క కోడ్ పెట్టుకుంటే రెండూ ఇరుకే. అందుకే మానిటర్ కొనాలనిపిస్తుంది. షాపుకెళ్తే ‘ఇది డాకింగ్ మానిటర్ సార్, ఒక్క కేబుల్ పెడితే చాలు’ అంటారు. ఆ మాట నిజమే కానీ అన్ని ల్యాప్‌టాప్‌లకూ కాదు. అదే సైజు మామూలు మానిటర్ కన్నా దీనికి ఎక్కువే పెట్టాలి. కాబట్టి మానిటర్ కంటే ముందు మీ ల్యాప్‌టాప్ సంగతి తెలుసుకోండి.

ఏముంటుంది ఇందులో?

మామూలు మానిటర్‌కు హెచ్‌డీఎంఐ కేబుల్ బొమ్మను, శబ్దాన్ని మాత్రమే చేరవేస్తుంది. ఛార్జర్, మౌస్, కీబోర్డు, ఇంటర్నెట్ వైరు అన్నీ ల్యాప్‌టాప్‌కు విడివిడిగా పెట్టుకోవాల్సిందే. డాకింగ్ మానిటర్‌లో యూఎస్‌బీ టైప్-సి కేబుల్ ఒక్కటే బొమ్మను తీసుకెళ్తుంది, ల్యాప్‌టాప్‌ను ఛార్జ్ చేస్తుంది, మానిటర్ వెనుక ఉన్న యూఎస్‌బీ పోర్టులనూ కలుపుతుంది. కొన్నింటిలో లాన్ పోర్టు కూడా ఉంటుంది. ఉదాహరణకు డెల్ యూ2723క్యూఈ అనే 27 అంగుళాల 4కే మోడల్‌లో లాన్ పోర్టుతో పాటు 90 వాట్ల ఛార్జింగ్ ఉంది.

పోర్టు ఒకేలా ఉన్నా పని వేరు

చాలామంది పొరబడేది ఇక్కడే. టైప్-సి అనేది పోర్టు ఆకారం పేరు మాత్రమే. ఆ ఆకారం ఉన్నంత మాత్రాన అందులోంచి బొమ్మ రావాలని లేదు, ఛార్జింగ్ ఎక్కాలనీ లేదు. బొమ్మ రావాలంటే ‘డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్’ ఉండాలి. ఛార్జింగ్ ఎక్కాలంటే ‘పవర్ డెలివరీ’ ఉండాలి. థండర్‌బోల్ట్ 3 లేదా 4 పోర్టు అయితే బొమ్మ సంగతి దిగులు లేదు.

ఎలా తెలుసుకోవాలి? ల్యాప్‌టాప్ అడుగున ఉన్న పూర్తి మోడల్ నంబరుతో కంపెనీ వెబ్‌సైట్‌లో స్పెసిఫికేషన్లు తెరవండి. పోర్టుల వరుసలో పై రెండు పేర్లూ ఉంటే మంచిదే. ‘డేటా ట్రాన్స్‌ఫర్ ఓన్లీ’ అని ఉంటే డాకింగ్ మానిటర్ ఆలోచన మానుకోండి. హెచ్‌డీఎంఐతో మామూలు మానిటర్ హాయిగా పనిచేస్తుంది.

వాట్ల లెక్క

మీ ఛార్జర్ మీద ‘అవుట్‌పుట్’ అని రాసి ఉన్నచోట వోల్టులను ఆంపియర్లతో గుణించండి. 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు అయితే 65 వాట్లు. మానిటర్ ఇచ్చే వాట్లు అంతకు సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండాలి. ఎక్కువైతే నష్టం లేదు, ల్యాప్‌టాప్ తనకు కావాల్సినంతే తీసుకుంటుంది. గేమింగ్ ల్యాప్‌టాప్‌ల విషయం వేరు. వాటి ఛార్జర్లు 150 వాట్లు, 200 వాట్లు దాటి ఉంటాయి. మానిటర్ నుంచి వచ్చే 65, 90 వాట్లు వాటికి చాలవు. బరువైన పని చేస్తుంటే ప్లగ్ పెట్టి ఉన్నా బ్యాటరీ తగ్గుతూనే ఉంటుంది.

కేబుల్ కూడా ముఖ్యమే. ఫోన్‌తో వచ్చే టైప్-సి కేబుళ్లలో చాలావాటిలో బొమ్మ వెళ్లదు. 60 వాట్లకు మించి ఛార్జింగ్ కావాలంటే 5 ఆంపియర్ల కేబుల్ ఉండాలి. మానిటర్ డబ్బాలో వచ్చినదే వాడండి.

సైజు సంగతి

హాస్టల్ టేబుల్ మీద 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ సరిపోతుంది. 27 అంగుళాలు తీసుకుంటే 2560×1440 రెజల్యూషన్ ఉన్నది చూడండి. అంత పెద్ద తెరపై ఫుల్ హెచ్‌డీ అయితే అక్షరాలు కాస్త గరుకుగా కనిపిస్తాయి. 4కే తీసుకుంటే ఇంకో మెలిక ఉంది. ఒకే కేబుల్‌లో బొమ్మ ఎక్కువ దారి ఆక్రమిస్తే యూఎస్‌బీకి మిగిలేది తక్కువ. చాలా మోడళ్లలో అప్పుడు వెనుక పోర్టుల వేగం యూఎస్‌బీ 2.0 స్థాయికి, అంటే 480 ఎంబీపీఎస్‌కు పడిపోతుంది. మౌస్, కీబోర్డులకు ఇది చాలు. ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీ వాడేవారికి మాత్రం తేడా తెలుస్తుంది.

పరీక్ష రోజు జాగ్రత్త

నిఘా ఉండే ఆన్‌లైన్ టెస్టుల్లో చాలావరకు రెండో తెరను ఒప్పుకోరు. మానిటర్ కేబుల్ తీసేయాల్సిందే. కానీ డాకింగ్ మానిటర్ కేబుల్ తీస్తే బొమ్మతో పాటు ఛార్జింగ్, లాన్, కీబోర్డు, మౌస్ అన్నీ ఒకేసారి పోతాయి. అందుకని టెస్టుకు అరగంట ముందే కేబుల్ తీసేసి, అసలు ఛార్జర్ పెట్టి, మౌస్‌ను నేరుగా ల్యాప్‌టాప్‌కు తగిలించి, వైఫై సరిగా ఉందో లేదో చూసుకోండి. పాత ఛార్జర్‌ను ఇంటి దగ్గర వదిలేసి హాస్టల్‌కు రావద్దు.

కరెంటు పోయినా ఇదే కథ. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది కానీ, మానిటర్ ఆగిపోతే దాని ద్వారా వచ్చే నెట్ కూడా ఆగిపోతుంది. ఇంటర్వ్యూ మధ్యలో అలా జరిగితే కంగారే. ఫోన్ హాట్‌స్పాట్‌ను ముందే ఒకసారి కనెక్ట్ చేసి సిద్ధంగా ఉంచుకోండి.

ఎవరు కొనాలి? ఎవరు ఆగాలి?

ఇంకా ఆఫర్ రాలేదా? ల్యాప్‌టాప్ ఎప్పుడూ ఒకే టేబుల్ మీద ఉంటుందా? అయితే మామూలు మానిటర్ చాలు. మిగిలిన డబ్బుతో ర్యామ్ పెంచుకోవచ్చు, మంచి హెడ్‌సెట్ కొనుక్కోవచ్చు. ఉద్యోగం వచ్చి, కంపెనీ ల్యాప్‌టాప్‌ను రోజూ ఆఫీసుకూ గదికీ మోసుకెళ్లేవారికి డాకింగ్ నిజంగా ఉపయోగం. ఇంటికి రాగానే ఒక్క కేబుల్ తగిలిస్తే చాలు. సొంత ల్యాప్‌టాప్ కూడా ఉంటే, ఒకే కీబోర్డు, మౌస్‌తో రెండింటినీ నడిపే ‘కేవీఎం’ సదుపాయం ఉన్న మోడల్ చూడండి. ఆఫర్ చేతిలో ఉండి జాయినింగ్ ఇంకా దూరంగా ఉంటే, కంపెనీ ఇచ్చే ల్యాప్‌టాప్ ఏదో తెలిసేదాకా ఆగడం మేలు.

చివరిగా ఒక మాట. సికింద్రాబాద్ సీటీసీలో కొన్నా, మీ ఊరి షాపులో కొన్నా ల్యాప్‌టాప్‌ను వెంట తీసుకెళ్లండి. డబ్బు కట్టేముందు అక్కడే కేబుల్ తగిలించమనండి. బొమ్మ రావాలి, ఛార్జింగ్ గుర్తు కనిపించాలి, మానిటర్ వెనుక పెట్టిన పెన్‌డ్రైవ్ తెరుచుకోవాలి. మూడూ జరిగితేనే జేబులోంచి డబ్బు తీయండి. ఆన్‌లైన్‌లో కొనేవారు రిటర్న్ గడువు దాటకముందే ఈ మూడూ చూసుకోండి.