సెలవిచ్చినా కదలని నగరం

2020 డిసెంబరు 1. గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్ ఎన్నికల పోలింగ్. అంతకుముందు సాగిన ప్రచారాన్ని చూసినవారెవరైనా ఆ రోజు బూత్‌ల ముందు తిరునాళ్లను తలపించే జనం ఉంటారనుకుంటారు. కార్పొరేటర్లను గెలిపించడానికి అమిత్ షా, నడ్డా, యోగి ఆదిత్యనాథ్ అంతటివారే వచ్చి వెళ్లారు మరి. రానిదల్లా ఓటరే. మధ్యాహ్నం ఒంటిగంటకు పోలైంది సుమారు 18 శాతం.

అలాంటి రోజున ఉత్సాహాన్ని కొలవాలంటే క్యూను కాదు, బూత్‌కు కాస్త దూరంలో పార్టీలవాళ్లు వేసుకునే బల్లలను చూడాలి. లోపలి ఏజెంటు ఓటేసినవారి వరస నంబర్లు బయటికి పంపుతుంటాడు. బల్ల దగ్గరి కార్యకర్త జాబితాలో టిక్కులు పెడతాడు. టిక్కు పడని ఇళ్లకు మధ్యాహ్నం నుంచి ఆటోలు, బైకులు బయల్దేరతాయి. ఏ బల్ల దగ్గర జాబితా నలిగిపోయిందో ఆ పార్టీ పని చేస్తున్నట్టు. బిర్యానీ పొట్లాలే తప్ప జాబితా కనిపించని బల్లలూ ఉంటాయి, వాటి సంగతి చెప్పక్కర్లేదు.

ఆ రోజు చివరికి 46.55 శాతం నమోదైంది. 74 లక్షలకు పైగా ఓటర్లలో సగానికి పైగా ఇల్లు కదల్లేదు. కరోనా భయం, శనివారం నుంచి కలిసొచ్చిన వరస సెలవులు, వర్క్ ఫ్రమ్ హోమ్‌తో సొంతూళ్లకు చేరిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు... కారణాలకు కొదవలేదు. కానీ కరోనా లేని 2016లోనూ పోలింగ్ 45.29 శాతమే కదా!

అసలు విచిత్రం ఫలితాల్లో ఉంది. పోలింగ్ పెరిగింది ఒక శాతం చిల్లర. సీట్లు మాత్రం తలకిందులయ్యాయి. 150 డివిజన్లలో అప్పటి టీఆర్ఎస్ 99 నుంచి 56కు పడిపోతే, బీజేపీ 4 నుంచి 48కి ఎగబాకింది. ఓట్లలో ఆ రెండింటి మధ్య తేడా అర శాతం కూడా లేదు. మజ్లిస్ 51 చోట్లే పోటీ చేసి 44 గెలిచింది. ఎవరిని బూత్‌కు తీసుకురావాలో ముందే తెలిసిన పార్టీకి మొత్తం పోలింగ్ శాతంతో పనేముంది?

అదే తెలంగాణలో 2019 పంచాయతీ ఎన్నికల్లో పోలింగ్ 80 శాతం దాటింది. నగరంలో వీధి చివరి బూత్‌కు బద్ధకించినవారిలో కొందరు అప్పుడు బస్సెక్కి ఊరెళ్లి ఓటేసి వచ్చినవారే. ఊళ్లో సర్పంచి అభ్యర్థి పేరు పెట్టి పిలుస్తాడు. రాకపోతే ఎందుకు రాలేదని ఫోన్ చేసి అడుగుతాడు. నగరంలో తమ కార్పొరేటర్ ఎవరో చెప్పమంటే ఎంతమంది చెప్పగలరు?