కారు టైర్లు - వారంటీ పరిధి: వినియోగదారుల సందేహాలు, సమాధానాలు

హైదరాబాద్: కారు కొనుగోలు చేసిన కొద్ది నెలలకే టైరు పక్కభాగం ఉబ్బడం, ట్రెడ్ ఒకవైపే అరిగిపోవడం వంటి సమస్యలతో వినియోగదారులు డీలర్లను ఆశ్రయించడం సర్వసాధారణం. కారుకు వారంటీ ఉన్నప్పుడు టైరు ఎందుకు మార్చరన్నది వారి ప్రధాన ప్రశ్న. వారంటీ దేనికి వర్తిస్తుందో, తిరస్కరణ ఎదురైనప్పుడు ఏ ఆధారాలు అవసరమో తెలియకపోవడం వలన న్యాయమైన క్లెయిములు సైతం వీగిపోయే అవకాశం ఉన్నది. ఈ దృష్ట్యా తరచుగా తలెత్తే సందేహాలకు వివరణలు ఈ దిగువన ఇవ్వడమైనది.

టైరుకు వారంటీ ఇచ్చేది ఎవరు?

సాధారణంగా కారు తయారీ సంస్థ ఇచ్చే వారంటీలో టైర్లు చేరి ఉండవు. వాటికి టైరు తయారీ సంస్థే వేరుగా వారంటీ ఇస్తుంది. కారు డీలరు క్లెయిమును టైరు కంపెనీకి పంపడంలో సహకరించవచ్చు గాని, నిర్ణయం టైరు కంపెనీ తనిఖీపై ఆధారపడి ఉంటుంది. అందువలన కారును స్వాధీనపరచుకునే సమయంలోనే టైర్ల వారంటీ కార్డును అడిగి తీసుకోవడం అవసరం.

ఏ లోపాలకు వర్తిస్తుంది?

తయారీలో గాని, ముడిపదార్థంలో గాని ఉన్న లోపాలకు మాత్రమే వారంటీ వర్తిస్తుంది. టైరు లోపలి పొరలు విడిపోవడం ఇందుకు ఉదాహరణ. పంక్చర్లు, కోతలు, ప్రమాదాలు, గాలి తగ్గించి లేదా మించి నింపడం, వీల్ అలైన్‌మెంట్ సరిగా లేకపోవడం వలన కలిగే నష్టాలు దీని పరిధిలోకి రావు. కొన్ని కంపెనీలు ఎంపిక చేసిన రకాలకు మాత్రం రోడ్డు దెబ్బలను కూడా చేర్చి ప్రత్యేక వారంటీ ఇస్తున్నాయి.

వివాదాలకు ఎక్కువగా తావిచ్చేది టైరు ఉబ్బు. గుంతలో బలంగా పడి లోపలి దారాలు తెగినా, తయారీ లోపం ఉన్నా ఉబ్బు కనిపించవచ్చు. పైకి చూసి కారణం తేల్చడం కష్టం. కావున తిరస్కరణకు కారణాన్ని తనిఖీ నివేదిక రూపంలో లిఖితపూర్వకంగా కోరాలి.

కొత్త టైరు ఉచితంగా ఇస్తారా?

అన్ని సందర్భాలలోనూ ఇవ్వరు. సాధారణంగా మిగిలి ఉన్న ట్రెడ్ లోతును బట్టి పరిహారం లెక్కిస్తారు. ఉదాహరణకు, కొత్తగా ఉన్నప్పుడు లోతు 8 మిల్లీమీటర్లు అనుకుంటే, అందులో చివరి 1.6 మిల్లీమీటర్లు పోగా వినియోగయోగ్యమైనది 6.4 మిల్లీమీటర్లు. తనిఖీ నాటికి లోతు 4.8 మిల్లీమీటర్లు ఉంటే, సగం వినియోగం మిగిలి ఉన్నట్లు లెక్క. అప్పుడు వినియోగదారుడు కొత్త టైరు ధరలో సగం చెల్లించవలసి వస్తుంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989 ప్రకారం కారు టైరు ట్రెడ్ లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదు.

కొనేటప్పుడు ఏమి గమనించాలి?

టైరు పక్కభాగంపై ఉండే నాలుగంకెల సంఖ్య తయారీ కాలాన్ని తెలుపుతుంది. 2324 అని ఉంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. బిల్లు లేనిచో కొన్ని కంపెనీలు వారంటీని తయారీ తేదీ నుండే లెక్కిస్తాయి. కావున టైరు క్రమసంఖ్య రాయించి బిల్లు తప్పక తీసుకోవాలి. ఐ.ఎస్.ఐ. ముద్రను కూడా సరిచూసుకోవాలి.

క్లెయిము తిరస్కరిస్తే మార్గమేమిటి?

మొదట జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. పరిష్కారం లభించనిచో వినియోగదారుల రక్షణ చట్టం, 2019 క్రింద తాము నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. వివాదకారణం ఏర్పడిన నాటి నుండి రెండేళ్ల లోపు ఫిర్యాదు దాఖలు కావాలి. వస్తువుకు చెల్లించిన మొత్తం రూ. 5 లక్షలు మించనిచో రుసుము ఉండదు. న్యాయవాదిని నియమించుకోవడం తప్పనిసరి కాదు.

పరీక్ష లేకుండా లోపాన్ని నిర్ధారించడం సాధ్యం కానప్పుడు వస్తువును ప్రయోగశాలకు పంపే అధికారం కమిషన్‌కు ఉన్నది. అందుకే టైరు స్వయంగా ప్రధాన సాక్ష్యం. దానిని కంపెనీకి అప్పగించవలసి వస్తే క్రమసంఖ్యతో కూడిన రసీదు పొందాలి. ముందుగా ఫోటోలు తీసి ఉంచుకోవాలి. టైరును పారవేసిన పిదప తయారీ లోపాన్ని రుజువు చేయడం దాదాపు అసాధ్యం.

క్లెయిము తేలే వరకు ఉబ్బిన టైరుతో ప్రయాణం సాగించరాదు. అది వేగంలో ఒక్కసారిగా పేలితే వాహనం అదుపు తప్పి ప్రాణాపాయం కలుగవచ్చు. వెంటనే స్టెప్నీ అమర్చుకుని, తీసిన టైరును భద్రపరచి, ఆపై వారంటీ కోసం దరఖాస్తు చేయడం శ్రేయస్కరం.