లూజ్ చాయ్‌పత్తా కొంటున్నారా? ముందు చల్లటి నీళ్లతో ఇలా చెక్ చేయండి

పొద్దున లేవగానే చాయ్ పడాల్సిందే. కరీంనగర్‌లో అయినా, చలికాలం గజగజలాడించే ఆదిలాబాద్‌లో అయినా అంతే. చాలామంది ప్యాకెట్ కాకుండా తూకానికి అమ్మే లూజ్ చాయ్‌పత్తానే కొంటారు. పావు కిలో అయినా ఇస్తారు, వాసన చూసి తీసుకోవచ్చు, రేటూ తక్కువే. కానీ కల్తీ భయం కూడా ఇక్కడే ఎక్కువ.

మన దగ్గర తేయాకు పండదు. అస్సాం, బెంగాల్, నీలగిరి తోటల నుంచే రావాలి. షాపులో కనిపించేది ఎక్కువగా సీటీసీ రకం. అంటే ఆకును మెషీన్‌లో నలిపి, చింపి, గుండ్రంగా చుట్టింది. ఇందులో మెత్తగా ఉండేది డస్ట్. త్వరగా రంగు దిగుతుంది కాబట్టి హోటళ్లవాళ్లు దీన్నే వాడతారు. గింజల్లా ఉండే రకం కాస్త ఎక్కువసేపు మరగాలి, కానీ వాసన బాగుంటుంది. ఇంటికైతే రెండూ కలిపి తీసుకోవచ్చు.

అసలు చిక్కు రంగుతోనే. చిక్కటి రంగు వస్తే స్ట్రాంగ్ పత్తా అనుకుంటాం. ఒకసారి వాడేసిన పత్తాను ఎండబెట్టి, రంగు కలిపి మళ్లీ అమ్మే కేటుగాళ్లకు కావాల్సింది కూడా ఇదే! కప్పులో రంగు ఉంటుంది, రుచి మాత్రం ఉండదు.

అందుకే ముందు 50 గ్రాములే కొనండి. గాజు గ్లాసులో చల్లటి నీళ్లు పోసి చిటికెడు పత్తా వేయండి. మంచి పత్తా రంగు మెల్లగా దిగుతుంది. వేసిన వెంటనే చారలు చారలుగా రంగు కారితే డౌట్ పడాల్సిందే. ఫుడ్ సేఫ్టీ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెప్పే పద్ధతి ఇంకోటి ఉంది. ఫిల్టర్ పేపర్‌పై పత్తా పరిచి నీళ్లు చిలకరించాలి. తర్వాత పేపర్‌ను నల్లా కింద కడిగి వెలుతురులో చూడాలి. నలుపు, గోధుమ రంగు మరకలు మిగిలితే రంగు కలిపినట్టే.

అయస్కాంతం పెడితే ఇనుప రజను అంటుకుంటుంది. ఒకటి రెండు రేణువులకే కంగారు పడొద్దు. మెషీన్ రోలర్లు అరిగినా కొంచెం వస్తుంది. కుప్పగా అంటుకుంటే మాత్రం కొనొద్దు.

ఇవన్నీ అనుమానం తీర్చుకోవడానికే, ఫైనల్ రిపోర్టు ల్యాబ్‌దే. చాలామందికి తెలియని విషయం ఏంటంటే, ఆహార భద్రత చట్టం 2006, సెక్షన్ 40 ప్రకారం మామూలు కస్టమర్ కూడా ఫీజు కట్టి ఫుడ్ అనలిస్ట్‌తో టెస్ట్ చేయించుకోవచ్చు. కాకపోతే కొనేటప్పుడే ఆ మాట షాపు ఓనర్‌కు చెప్పాలి. కల్తీ అని తేలితే ఫీజు వాపస్ వస్తుంది.

బిల్లు అడగడం మర్చిపోవద్దు. 2022 జనవరి 1 నుంచి బిల్లుపై 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ తప్పనిసరి. కంప్లైంట్ చేయాలంటే టోల్‌ఫ్రీ నంబర్ 1800-112-100.