చెప్పుకోలేని బాధకూ చికిత్స ఉంది

"నిద్ర పట్టడం లేదు డాక్టరుగారూ" అంటూ వచ్చిందొకావిడ. యాభై దాటాయి. కూతుర్ని బయటికి పంపించాక గాని అసలు సంగతి చెప్పలేదు. మొదటి కాన్పు కష్టమై ఫోర్సెప్సు వేశారట. ముట్లుడిగిన దగ్గర్నుంచి మలం ఆగడం లేదు. పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ వెళ్ళి ఆరేళ్ళయింది. భర్తకు కూడా తెలియదు! ఇలాంటివాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళు చెప్పరు. నిజానికి చాలా ఏళ్ళు నేనూ అడగలేదు.

మలద్వారం చుట్టూ ఉంగరాల్లా రెండు కండరాలుంటాయి. లోపలిది దానంతటదే బిగిసి ఉంటుంది. బయటిది మన అదుపులో ఉంటుంది. కాన్పులో చిరిగినా, భగందరం ఆపరేషనులో తెగినా, మధుమేహం వల్లనో వెన్నుపాము దెబ్బవల్లనో నరాలు చెడినా పట్టు సడలుతుంది. ముసలివాళ్ళలో గట్టిపడిన మలం అడ్డుపడి, దాని పక్కనుంచి నీళ్ళలా కారుతుంది. దాన్ని విరేచనాలనుకుని మాత్రలు వేస్తే ఇంకా బిగుస్తుంది.

చాలామందికి ఆహారంలో మార్పు, ఇసబ్‌గోలు, డాక్టరు సలహాతో మందులు, కండరాన్ని బిగించి వదిలే వ్యాయామం సరిపోతాయి. తెగిన కండరాన్ని కుట్టవచ్చు. అలా కుదరనివారికి అమర్చే సాధనాలున్నాయి.

మూత్రం ఆగనివారికి కృత్రిమ కండరాన్ని 1972లో అమెరికాలో మొదటిసారి అమర్చారు. 1987లో డెన్మార్కు వైద్యులు దాన్ని మలద్వారానికి వాడి ఫలితాలు ప్రకటించారు. రక్తపోటు చూసే పట్టీలాంటిది మలద్వారం చుట్టూ ఉంటుంది. పొత్తికడుపులో ఒక బుడగ, చర్మం కింద చిన్న పంపు ఉంటాయి. పంపు నొక్కితే పట్టీలోని ద్రవం బుడగలోకి పోయి దారి తెరుచుకుంటుంది. కొద్ది నిమిషాల్లో పట్టీ తిరిగి నిండుతుంది. ఆలోచన బాగానే ఉంది గాని, చీము పట్టడం, పట్టీ ఒరుసుకుని పుండు పడడం వల్ల చాలామందికి తీసేయవలసి వచ్చింది. అందుకే ఇప్పుడు దీని వాడకం బాగా తగ్గింది.

ఇప్పుడు ఎక్కువగా వాడేది నరాన్ని ప్రేరేపించే పరికరం. 1995లో జర్మనీ వైద్యులు దీని గురించి ప్రకటించారు. అమెరికాలో ఈ జబ్బుకు 2011లో అనుమతి లభించింది. నడుము దిగువ ఎముక రంధ్రంగుండా సన్నని తీగ పంపి, పిరుదు చర్మం కింద బ్యాటరీ అమర్చుతారు. ముందు తాత్కాలికంగా పెట్టి చూస్తారు. బాధ సగానికైనా తగ్గితేనే శాశ్వతంగా అమర్చుతారు. అందరికీ గుణమివ్వదు. ఖర్చూ ఎక్కువే. ఏదీ పనిచేయకపోతే పేగును పొట్టమీదికి తెచ్చి సంచి అమర్చడం ఉంది. ఆ సంచితో హాయిగా ఉద్యోగం చేసుకుంటున్నవారున్నారు.

మలంలో రక్తం పడినా, బరువు తగ్గినా వెంటనే చూపించుకోండి. ఉన్నట్టుండి కాళ్ళు తిమ్మిరెక్కి పట్టు తప్పితే ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి.

ఆవిడకు యంత్రం అవసరం రాలేదు. నాలుగు నెలల వ్యాయామంతో చాలావరకు కుదుటపడింది. మొన్న మనవరాలి అన్నప్రాశనకు వెళ్ళొచ్చానని చెప్పింది. ఈసారి వెంట భర్త కూడా వచ్చాడు.